121 మంది మగవాళ్లు, అన్నా మణి

1953 నాటికి పుణెలో, భారత వాతావరణ శాఖ పరికరాల విభాగంలో అన్నా మణి కింద 121 మంది పనిచేస్తున్నారు. అందరూ మగవాళ్లే. ఆమె మీద రాసినవాళ్లు ఈ అంకెను తరచుగా చెబుతారు. ‘ఒక్క ఆడమనిషి, ఇంతమంది మగవాళ్లు’ అని ఆశ్చర్యపడి అక్కడితో వదిలేస్తారు. వాళ్లంతా కలిసి చేసిన పనేమిటన్న దగ్గర మాత్రం ఎక్కువసేపు ఆగరు. నాకు ఆసక్తి అక్కడే.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి వాతావరణాన్ని కొలిచే మామూలు పరికరాలు కూడా మనకు విదేశాల నుంచి రావలసిందే. 1948లో లండన్ నుంచి తిరిగొచ్చి పుణెలో చేరిన అన్నా మణి సుమారు వంద పరికరాల డ్రాయింగులను ప్రామాణీకరించి, ఇక్కడే తయారీ మొదలుపెట్టించింది. డ్రాయింగు కాగితమే. దాన్ని పరికరంగా మార్చేది వర్క్‌షాపులో పనిచేసే చెయ్యి. తయారైనదాన్ని ప్రామాణిక పరికరం పక్కన పెట్టి రెండూ ఒకే లెక్క చెబుతున్నాయో లేదో చూడాలి. తేడా రాసుకోవాలి, సవరించాలి, మళ్లీ చూడాలి. పాఠ్యపుస్తకాల్లో దీన్ని క్రమాంకనం అంటారు, పనిచేసేవాళ్లు కాలిబ్రేషన్ అనే అంటారు. కిరాణా కొట్టు తూకంరాళ్ల మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఎందుకుంటుందో తెలిసినవాళ్లకు దీని అవసరం వేరే చెప్పక్కర్లేదు.

ఎండను కొలవడమే తీసుకోండి. ఆంగ్‌స్ట్రామ్ పైర్‌హీలియోమీటరులో నల్లపూత పూసిన రెండు సన్నని లోహపు పట్టీలుంటాయి. ఒకదాని మీద ఎండ పడనిస్తారు. నీడలో ఉన్న రెండోదాన్ని కరెంటుతో వేడిచేస్తారు. రెండింటి వేడీ సమానమయ్యేసరికి ఎంత కరెంటు పట్టిందో చూస్తే ఎండ బలం తెలుస్తుంది. దీనితో పోల్చి మిగతా పరికరాలను దిద్దుతారు. 1957-58 అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం సందర్భంగా ఆమె దేశంలో సౌర వికిరణాన్ని కొలిచే కేంద్రాలను నెలకొల్పింది. ఒక్క కేంద్రంలో పరికరం దారి తప్పినా అక్కడి ఎండను మరో ఊరి ఎండతో పోల్చడానికి వీల్లేదు. తప్పు కొలత కన్నా అసలు కొలవకపోవడమే నయమని ఆమె నమ్మకం.

ఇల్లూడ్చడం లాంటిదీ పని. చేసినన్నాళ్లూ కనిపించదు, మానేసిన రోజున కనిపిస్తుంది. విజ్ఞానశాస్త్ర చరిత్రలో కనిపెట్టినవాళ్లకే గానీ సరిచూసినవాళ్లకు చోటు తక్కువ.

ఆమె కోరుకుని వచ్చిన దారి కూడా కాదిది. 1940లో బెంగళూరులో సి.వి. రామన్ ప్రయోగశాలలో చేరి, వజ్రాలు, కెంపులు వెదజల్లే కాంతి మీద ఒక్క తన పేరుతోనే ఐదు పరిశోధన పత్రాలు ప్రచురించింది. 1945లో మద్రాసు విశ్వవిద్యాలయానికి సిద్ధాంత గ్రంథం సమర్పిస్తే, ఎమ్మెస్సీ లేదన్న కారణంతో డాక్టరేట్ ఇవ్వలేదు. పరిశోధనకు స్కాలర్‌షిప్ ఇచ్చేటప్పుడు అడ్డురాని ఎమ్మెస్సీ, పరిశోధన ముగిశాక అడ్డొచ్చింది! అదే ప్రయోగశాలలోని సునందా బాయికీ డాక్టరేట్ దక్కలేదు. భౌతికశాస్త్రం చదవాలని లండన్ వెళ్లిన అన్నా మణికి అక్కడ దొరికింది వాతావరణ పరికరాల శిక్షణ.

బెంగళూరు రోజుల్లో ఆడపిల్ల చేతిలో పరికరం కాస్త అటూ ఇటూ అయితే చాలు, ఆడవాళ్లకు చేతకాదనడానికి సిద్ధంగా ఉండేవాళ్లని ఆమే తర్వాత గుర్తుచేసుకుంది. అలాంటి మనిషి మగవాళ్లు చేసిన పరికరాల్లో తప్పెంతో తేల్చే కుర్చీలో కూర్చుంది. అయినా తనకు వివక్ష జరిగిందని ఒప్పుకోలేదు. ఆభా సుర్ పుస్తకం ‘డిస్పర్స్‌డ్ రేడియన్స్’ (2011) చదివేటప్పుడు మనలాంటివాళ్లకు ఇబ్బంది కలిగేది ఇక్కడే. ఆమెకు చైతన్యం లేదని తేల్చెయ్యడం నాకు ఇష్టం లేదు. ‘ఆడమనిషై ఉండి కూడా’ అనే మెచ్చుకోలులో వేరే స్కేలు ఒకటి దాగి ఉంటుంది. జీవితమంతా ఒకే ప్రమాణం కోసం పోరిన మనిషి ఆ స్కేలును తిరస్కరించిందని నేను చదువుకుంటాను.

కానీ ఆ చదువుకూ ఒక హద్దుంది. ఆమె యాలకుల తోటలున్న ఇంజనీరు కూతురు. ఎనిమిదో పుట్టినరోజుకు వజ్రాల కమ్మలు వద్దని ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా అడిగితే ఇవ్వగలిగిన ఇల్లు. ఆమె దగ్గర పరికరాలు చేసి, దిద్దిన ఆ మెకానిక్కుల ఇళ్లలో ఆడపిల్లలు ఏం అడిగారో, ఏం దొరికిందో? నేను చూసిన రాతల్లో ఆ 121 మందిలో ఒక్కరి పేరూ లేదు. అంతకన్నా నన్ను వదలని ప్రశ్న ఇంకోటి: విభాగాధిపతి ఆడమనిషి అయ్యాక కూడా ఆ 121లో ఒక్క ఆడమనిషి ఎందుకు లేదు?

1976లో ఆమె డిప్యూటీ డైరెక్టర్ జనరల్‌గా పదవీ విరమణ చేసింది. రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో మూడేళ్లు విజిటింగ్ ప్రొఫెసర్‌గా ఉంది. గాలి వేగాన్నీ సౌరశక్తినీ కొలిచే పరికరాల కోసం బెంగళూరులో చిన్న వర్క్‌షాపు కూడా పెట్టుకుంది. దేశం మొత్తం మీద పడే ఎండ లెక్కలతో 1980, 1981ల్లో రెండు పుస్తకాలు తెచ్చింది. 2001లో తిరువనంతపురంలో కన్నుమూసింది. డిగ్రీ దక్కని ఆ సిద్ధాంత గ్రంథం, డిగ్రీలు దక్కిన వాటిలాగే బైండు చేసి, రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ గ్రంథాలయంలో ఉంది.