బైక్ టిప్స్: వెనక బ్రేక్ ప్యాడ్లు ఊరికే అరిగిపోతున్నాయా? కొత్తవి వేయించే ముందు పాతవి ఒకసారి చూడండి!

ముందు చక్రం బ్రేక్ ప్యాడ్లు ఇంకా సగం కూడా అరగలేదు. వెనకవి మాత్రం మార్చిన కొన్ని నెలలకే ఇనుప రేకు దాకా వచ్చేశాయి. మెకానిక్ కొత్త జత వేసి పంపేస్తాడు. మళ్లీ కొన్నాళ్లకు అదే కథ. వెనక డిస్క్ బ్రేక్ ఉన్న బైక్‌లు వాడే చాలామందికి ఇది తెలిసిన తలనొప్పే. ప్యాడ్ నాసిరకం అనుకుని కంపెనీ మారుస్తుంటారు. కానీ ఎక్కువసార్లు తప్పు ప్యాడ్‌ది కాదు. తెలియకుండానే కాలు పెడల్ మీద ఉండటమో, కాలు తీసినా బ్రేక్ వదలకపోవడమో అసలు కారణం.

దీన్ని తేలిగ్గా తీసుకుంటే డబ్బులతో పోయేది కాదు. ప్యాడ్ డిస్క్‌ను ఎప్పుడూ రుద్దుతుంటే వేడి పుట్టి బ్రేక్ ఆయిల్‌కు ఎక్కుతుంది. పాత ఆయిల్‌లో తేమ చేరి ఉంటుంది కాబట్టి త్వరగా మరిగి ఆవిరి బుడగలు వస్తాయి. అప్పుడు పెడల్ తొక్కితే కాలు కిందికి పోతుంది తప్ప బ్రేక్ పడదు. తిరుమల ఘాట్ రోడ్డు దిగుతూ, వెనక ఇంకొకరిని కూర్చోబెట్టుకుని ఉన్నప్పుడు ఇలా జరిగితే ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు.

అందుకే తీసేసిన పాత ప్యాడ్లను పారేయకుండా రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. చాలా బైక్‌ల వెనక క్యాలిపర్‌కు ఒకవైపే పిస్టన్ ఉంటుంది. అది ఒక ప్యాడ్‌ను నెడితే, క్యాలిపర్ పిన్నుల మీద జరిగి అవతలి ప్యాడ్‌ను లాగుతుంది. పిస్టన్ వైపు ప్యాడ్ పూర్తిగా అరిగి రెండోది మందంగా మిగిలిందంటే ఆ పిన్నులు తుప్పు పట్టో, గ్రీజు ఎండిపోయో బిగుసుకున్నాయన్న అనుమానం రావాలి. ప్యాడ్ ఒక చివర పలచగా, ఇంకో చివర మందంగా ఏటవాలుగా అరిగినా అనుమానం వాటిమీదే. వెనక చక్రం ఎగజిమ్మే బురదంతా పడేది అక్కడే మరి. పిన్నులు శుభ్రం చేసి సిలికాన్ గ్రీజు రాయించాలి. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు బూట్లు ఉబ్బిపోతాయి.

రెండు ప్యాడ్లూ సమానంగా అరిగాయా? అయితే ముందు రైడర్ కాలు చూడాలి. సిటీ ట్రాఫిక్‌లో చాలామంది పెడల్ మీద బూటు ఆనించే నడుపుతారు. బ్రేక్ వేయకపోయినా వెనక లైట్ వెలుగుతోందని ఎవరైనా చెప్పారంటే దొరికిపోయినట్టే. పెడల్ ఎత్తు సరిచేయిస్తే ఈ బాధ చాలావరకు పోతుంది. ముందు బ్రేక్ పట్టుకుంటే పడిపోతామన్న భయంతో అన్నిటికీ వెనక బ్రేకే తొక్కేవాళ్లూ ఉన్నారు. నిజానికి బండిని ఆపే బలం ఎక్కువగా ముందు బ్రేక్‌దే.

కాలు తప్పు లేదంటే ఓ చిన్న పరీక్ష. ఇంజిన్ ఆపి, బండిని న్యూట్రల్‌లో సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రం చేత్తో తిప్పాలి. చైన్ దగ్గర వేళ్లు పెట్టొద్దు. సన్నగా రుద్దుతున్న శబ్దం మామూలే. ఇప్పుడు పెడల్ గట్టిగా తొక్కి వదిలి మళ్లీ తిప్పాలి. చక్రం వెంటనే ఆగిపోతుంటే బ్రేక్ పట్టేస్తున్నట్టు. ఇక్కడే మెకానిక్‌తో క్యాలిపర్ మీది బ్లీడ్ నిపుల్ కొద్దిగా వదులు చేయించాలి. కాస్త ఆయిల్ చిమ్మి చక్రం ఫ్రీ అయిపోతే ప్రెషర్ వెనక్కి పోవడం లేదని అర్థం. లోపం మాస్టర్ సిలిండర్‌లోనో, లోపల ఉబ్బిన హోస్‌లోనో ఉంది. అయినా చక్రం కదలకపోతే పిస్టన్ లేదా పిన్నులు జామ్ అయినట్టే. బ్రేక్ ఆయిల్ పెయింట్ మీద పడితే రంగు పాడవుతుంది, వెంటనే నీళ్లతో కడగాలి.

మాస్టర్ సిలిండర్ అనగానే మార్చేయాలని కంగారు పడక్కర్లేదు. పెడల్ ఎత్తు మార్చేటప్పుడు పుష్ రాడ్‌ను మరీ బిగించేస్తే పెడల్‌కు ఫ్రీ ప్లే ఉండదు. ఆయిల్ ట్యాంక్‌లోకి తిరిగి వెళ్లాల్సిన సన్నటి రంధ్రం మూసుకుపోతుంది. బండి వేడెక్కే కొద్దీ బ్రేక్ దానంతటదే బిగుసుకుంటుంది. సరిచేయడానికి ఐదు నిమిషాలు చాలు, కానీ దాన్ని చూసేవాళ్లే తక్కువ.

ఇంకో పొరపాటు కూడా ఉంది. ప్యాడ్లు అరిగే కొద్దీ ట్యాంక్‌లో ఆయిల్ మట్టం తగ్గుతుంది. అది చూసి కొందరు నిండా పోసేస్తారు. తర్వాత కొత్త ప్యాడ్లు వేయడానికి పిస్టన్‌ను వెనక్కి నెడితే ఆ ఆయిల్‌కు చోటుండదు. అందుకే ప్యాడ్లు మార్చాక మట్టం పై గీత దాటకుండా చూడాలి. పిస్టన్‌ను నెట్టే ముందు దానిమీది మట్టిని శుభ్రంగా తుడవాలి, లేదంటే అది లోపలి సీల్‌ను కోసేస్తుంది. అన్నీ అయ్యాక ఐదారు కిలోమీటర్లు వెనక బ్రేక్ తక్కువగా వాడుతూ తిరిగొచ్చి, డిస్క్‌ను ముట్టుకోకుండా దగ్గరగా చెయ్యి పెట్టి చూడాలి. సెగ గట్టిగా కొడుతుంటే బ్రేక్ ఇంకా పట్టుకునే ఉంది, బండిని మళ్లీ స్టాండ్ ఎక్కించాల్సిందే.