కట్టడాల ఫొటో పోటీలు: వెనుక కథ, మన కర్తవ్యం

సెల్‌ఫోను లేని ఇల్లు ఈనాడు కనబడదు. కెమేరా లేని ఫోనూ అరుదే. పెళ్ళికి వెళ్ళినా, గుడికి వెళ్ళినా, కొత్త ఊళ్ళో అడుగుపెట్టినా మన చెయ్యి ముందు జేబులోకే పోతుంది. ఈ అలవాటును ఆసరా చేసుకుని లోకంలో ఎన్నో ఫొటో పోటీలు వెలిశాయి. వాటిలో కట్టడాలకు ప్రత్యేకస్థానం ఉంది. మన పిల్లలు కూడా వీటికి ఉత్సాహంగా ఫొటోలు పంపుతున్నారు. "మాస్టారూ, ఏ బిల్డింగు తీస్తే ప్రైజు వస్తుంది?" అని నన్ను అడిగేవారున్నారు. ఆ ప్రశ్నకు నాకు తోచిన సమాధానం చెప్పడానికే ఈ చిన్న వ్యాసం. అందుకు కొంచెం చరిత్రలోకి వెళ్ళక తప్పదు.

కెమేరాకూ కట్టడానికీ పుట్టుకతోనే చుట్టరికం. ఫ్రాన్సు దేశంలో నీప్స్ అనే ఆయన 1826-27 ప్రాంతంలో తన ఇంటి మేడ కిటికీలోంచి ఒక చిత్రం తీశాడు. కెమేరాతో తీసినవాటిలో నేటికి మిగిలిన మొదటి చిత్రం అదేనని పెద్దలు చెబుతారు. అందులో మనిషి లేడు. ఉన్నవి గోడలూ, ఇంటి కప్పులూ. గంటల తరబడి వెలుతురు పడితేగాని ఆ పలకమీద బొమ్మ నిలిచేది కాదు. అంతసేపు కదలకుండా నిలబడగలిగింది ఇల్లొక్కటే కదా!

1851లో ఫ్రెంచి ప్రభుత్వం ఒక మంచి పని చేసింది. దేశంలోని పాత చర్చీలు, కోటలు, వంతెనలు శిథిలమైపోతున్నాయని గ్రహించి, ఐదుగురు ఛాయాగ్రాహకులను ఎంపిక చేసి, తలొక దిక్కుకూ పంపింది. ఎవరు ఏ కట్టడాలను తీయాలో జాబితా వ్రాసి చేతికిచ్చింది. ఈ జాబితా సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలని మనవి. మళ్ళీ దానితో పని పడుతుంది.

మన తెలుగునేల విషయానికి వద్దాం. అమరావతి మహాస్తూపాన్ని 1845లో వాల్టర్ ఇలియట్ అనే దొర తవ్వించి, దొరికిన సున్నపురాతి శిల్పాలను మద్రాసు చేర్పించాడు. చాలాకాలం అవి అక్కడ ఎండకూ వానకూ పడి ఉన్నాయి. 1858లో మద్రాసు ప్రభుత్వ ఛాయాగ్రాహకుడు లినేయస్ ట్రైప్ వాటిని ఫొటోలు తీశాడు. 1859లో ఆ శిల్పాలను లండనుకు ఓడ ఎక్కించారు. అవి నేడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. తరువాతి తవ్వకాలలో దొరికినవాటిని చెన్నై మ్యూజియంలో చూడవచ్చు. ట్రైప్ తీసిన ఆ చిత్రాలను తలుచుకుంటే, దేశం విడిచి వెళ్ళే మనిషి ప్రయాణానికి ముందు దిగిన ఫొటో జ్ఞాపకం వస్తుంది. మనబోటి కుటుంబాలకు అటువంటి ఫొటో విలువ ఎవరూ చెప్పనక్కరలేదు.

ఆ తరువాత చెప్పుకోవలసినవాడు రాజా దీన్‌దయాళ్. 1844లో ఉత్తరాదిన సర్ధనాలో పుట్టి, రూర్కీ కాలేజీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో ఉద్యోగం చేస్తూ కెమేరా పట్టాడు. మధ్యభారతంలోని కోటలను, ఆలయాలను ఫొటోలు తీశాడు. పిమ్మట సికిందరాబాదులో స్టూడియో పెట్టి, ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఛాయాగ్రాహకుడై, ముసవ్విర్ జంగ్ అనే బిరుదు పొందాడు. ఆనాటి హైదరాబాదు మహళ్ళు, దర్బారు హాళ్ళు ఎలా ఉండేవో ఈనాడు మనకు తెలుస్తున్నదంటే అందులో ఆయన చలవ చాలా ఉంది. 1905లో ఆయన కాలం చేశాడు. ఆయన గాజు పలకలు రెండువేల ఎనిమిదివందలకు పైగా ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. ఏ పలకమీద ఏ కట్టడం ఉన్నదో తెలిసినప్పుడే అవి చరిత్రకు అక్కరకు వస్తాయి. లేకపోతే అవి ఉత్త గాజుముక్కలే.

నాగార్జునకొండ కథ ఇంకా దగ్గరిది. కృష్ణకు ఆనకట్ట కడితే ఇక్ష్వాకుల విజయపురి లోయ మునిగిపోతుందని తెలిసి, 1954 నుంచి 1960 వరకు పురావస్తుశాఖవారు ఆ లోయంతా తవ్వి, కొలిచి, ఫొటోలు తీసి, నమోదు చేశారు. కొన్ని కట్టడాలను కొండమీద, మరికొన్నిటిని అనుపు దగ్గర తిరిగి నిలబెట్టారు. మిగిలిన లోయ నీటి అడుగున ఉంది. ఆ నీటి కింద ఏమున్నదో ఈనాడు చెప్పగలుగుతున్నామంటే ఆ కొలతలూ, ఆ ఫొటోలూ, వాటి కింద వ్రాసిన వివరాలే ఆధారం.

ఇక ఫోను సంగతి. 1999, 2000 సంవత్సరాలలో జపానులో కెమేరా ఉన్న ఫోనులు బజారులోకి వచ్చాయి. 2007లో ఐఫోను వచ్చింది. ఆ ఏడే ఐఫోనుతో తీసిన చిత్రాలకు ఒక అంతర్జాతీయ పోటీ మొదలయింది. అందులో వాస్తుశిల్పానికి వేరే విభాగం ఉంది. ఫొటోను కంప్యూటరులో పెట్టి దిద్దకూడదని దాని నియమం. ఇటువంటి పోటీలు పిల్లలకు ఓపిక నేర్పుతాయి. గోడ వంకరగా పడకుండా ఫోను నిటారుగా పట్టాలి. ఎండ ఏటవాలుగా పడేవరకు కాచుకోవాలి. ఈ మెలకువలు నేర్చుకున్నవాడు బహుమతి రాకపోయినా నష్టపోడు.

రెండో రకం పోటీ వేరొకటుంది. 2010లో వికీపీడియా కార్యకర్తలు నెదర్లాండ్సులో 'వికీ లవ్స్ మాన్యుమెంట్స్' అనే పోటీ పెట్టారు. 2011లో అది ఐరోపాలోని 18 దేశాలకు ప్రాకి, 1,68,000 పైచిలుకు చిత్రాలతో గిన్నిస్ పుస్తకానికెక్కింది. 2012లో మన భారతదేశమూ చేరింది. పెద్ద కెమేరా అయినా ఫోనయినా తేడా లేదు. గుర్తింపు పొందిన కట్టడాల జాబితా ముందే ఉంటుంది. తీసిన ఫొటో ఏ కట్టడానిదో చెప్పి, ఎవరైనా వాడుకోవచ్చునని అనుమతి ఇచ్చి పంపాలి. 1851లో ఐదుగురి చేతికిచ్చిన జాబితా వంటిదే ఇప్పుడు లక్షలమంది చేతికి వచ్చిందన్నమాట! బహుమతి అందుకునేది కొద్దిమందే అయినా, ఓడినవాడి ఫొటో కూడా కట్టడం పేరుతో నిలిచి ఉంటుంది. నాకు ఈ పోటీ మీద గౌరవం అందుకే.

మరి మన బహ్రెయినులో ఏ కట్టడం తీయాలి? రెండు తెరచాపల్లా నిలిచి, మధ్య మూడు గాలిమరలను మోస్తున్న 2008 నాటి వరల్డ్ ట్రేడ్ సెంటరు తీయవచ్చు. 1949 నాటి బాబ్ అల్ బహ్రెయిన్ తీయవచ్చు. ఒకప్పుడు సముద్రం దాని ముంగిట్లోనే ఉండేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. ముహర్రక్‌లో ముత్యాల వర్తకుల ఇళ్ళు తీయవచ్చు. 2012లో యునెస్కో గుర్తించిన ముత్యాల వారసత్వంలో ఆ పట్టణపు కట్టడాలు 17 ఉన్నాయి. ఇవన్నీ అందమైనవే. కాని వీటి పేర్లు ఇప్పటికే పుస్తకాలకెక్కాయి. మనం తీయకపోయినా వీటికి లోటు రాదు.

లోటు ఉన్నది మన నయీమ్‌లో. మనామాకు పడమటి వైపున్న ఈ పేట ఒకప్పుడు సముద్రపుటొడ్డు, పడవలు కట్టేవారి పేట. మన కోరంగి, తాళ్ళరేవు వడ్రంగుల వంటివారు ఇక్కడా ఉండేవారు. వారిని అరబ్బీలో 'కల్లాఫ్' అంటారు. ఓడకు కావలసిన టేకు మన దేశంనుంచే వచ్చేది. సముద్రాన్ని పూడ్చి నేల చేసిన తరువాత ఒడ్డు దూరమైపోయింది.

మా ఇంట్లో ఒక ఫొటో ఉంది. మా తాతగారు ఒక గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉంటారు. ఒక మూల, సగం కట్టిన పడవ పక్కటెముకలు కనబడతాయి. అందుచేత అది నయీమ్ అని పోల్చుకున్నాం. వెనకాల ఆయన చేతివ్రాతతో "క్షేమం" అని ఒక్క మాట ఉంది. తేదీ లేదు, వీధి లేదు, ఇంటివారి పేరు లేదు. పనిలోంచి వచ్చాక నేను ఎన్నో సాయంకాలాలు ఆ ఫొటో పట్టుకుని ఈ వీధులు తిరిగాను. ఒక ముసలి దుకాణదారు కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఈ పడవ కట్టినవాళ్ళు ఫలానావారు కావచ్చు. ఇల్లు మాత్రం చెప్పలేను. ఇటువంటి గుమ్మాలు వందుండేవి" అన్నాడు. పరాయి దేశంలో మావాళ్ళకు మొదట తలదాచుకోను చోటిచ్చిన ఇల్లు అది. తాతగారు ఇంకొక్క మాట వ్రాసి ఉంటే, మా పిల్లలను ఆ స్థలంలో నిలబెట్టి, "ఇక్కడే" అని చెప్పగలిగేవాడిని.

కనుక మన సంఘ కార్యవర్గానికి నాదొక మనవి. వచ్చే ఉత్సవానికి పిల్లలకు ఫోనుతో కట్టడాల ఫొటో పోటీ పెట్టండి. మనవాళ్ళు కాపురమున్న ఇల్లు, పనిచేసిన కొట్టు, చదువుకున్న బడి, మొక్కుకున్న గుడి తీయమనండి. ప్రతి ఫొటోతో నాలుగు సంగతులు వ్రాసి ఇవ్వాలి: కట్టడం పేరు, వీధి, తేదీ, ఆ కట్టడం కథ చెప్పిన పెద్దవారి పేరు. సగం మార్కులు బొమ్మకు, సగం ఈ వ్రాతకు. ఇంటివారి అనుమతి లేనిదే కెమేరా ఎత్తకూడదు. ఆడవారున్న చోట మరీ జాగ్రత్త అవసరం. పోలీసు, సైనిక కట్టడాల జోలికి అసలు పోరాదు. వచ్చిన ఫొటోలను కాగితంమీద వేయించి, వెనుక వివరాలు వ్రాసి, సంఘం ఆల్బములో అంటించాలి. ఫోను పోతే బొమ్మలూ పోతాయి కదా.

ఏ బిల్డింగు తీస్తే ప్రైజు వస్తుందని అడిగిన పిల్లలకు నా జవాబు ఇదే: మీ నాయనమ్మను అడగండి. ఆమె మొదట కాపురం పెట్టిన ఇంటి గుమ్మం ఇంకా నిలిచి ఉంటే, ఈ శుక్రవారమే వెళ్ళి తీయండి. తీసిన వెంటనే దాని పేరు వ్రాయండి.