అనంతానికి పారిపోని తరంగాలు

డప్పు మీద దెబ్బ వేస్తే దానికంటూ ఉన్న కొన్ని స్వరాలే పలుకుతాయి. చర్మాన్ని చుట్టూ బిగించి కట్టారు కనుక తరంగం బయటికి పోలేదు. ఆ స్వరాల లెక్క తేల్చేది లాప్లాస్ ఆపరేటర్. మరి అంచే లేని వంపు తలం మీద, అందులోనూ ఒక కొస అనంతం దాకా సాగిపోయే తలం మీద తరంగం లేస్తే ఏమవుతుంది? అంతా ఆ కొస గుండా జారిపోతుందా? లోపలే నిలిచిపోయే స్వరాలు కొన్నైనా ఉంటాయా?

1949లో జర్మన్ గణితవేత్త హాన్స్ మాస్ అలాంటి కొన్ని తలాల మీద నిలిచే తరంగాలను చూపించారు. కానీ అన్నిటికంటే సరళమైన మాడ్యులర్ తలం మాత్రం లొంగలేదు. దాని వైశాల్యం పైలో మూడో వంతే, కొసకు మాత్రం అంతు లేదు. దాని మీద నిలిచే తరంగాన్ని ఒక్కదాన్ని కూడా సూత్రంగా రాసి చూపగలిగినవారు లేరు.

అవి ఉన్నాయని రుజువు చేసింది నార్వేలో పుట్టిన ఆట్లె సెల్బర్గ్. ఆయన కనుగొన్న ట్రేస్ ఫార్ములా ఒక తలం స్వరాలను, దాని మీద చుట్టి తిరిగి మొదటికే వచ్చే దారుల పొడవులను ఒకే సమీకరణంలో కలిపింది. దాని బలంతో మాడ్యులర్ తలం మీద అలాంటి స్వరాలు అసంఖ్యాకంగా ఉన్నాయని తేలింది. ఆ ఫార్ములాను వివరించిన ప్రసిద్ధ వ్యాసం 1956లో వెలువడింది మన భారత గణిత సంఘం పత్రికలోనే.

ఉన్నాయని తెలిసింది సరే, వాటి విలువలెంత? 1977లో హైడెల్‌బర్గ్‌లో హాస్ అనే విద్యార్థి డిప్లొమా పరిశోధనగా కంప్యూటర్‌తో వాటిని లెక్కగట్టి ఒక జాబితా తయారుచేశాడు. అది అమెరికాలోని శాన్ డియాగోలో ఉన్న గణితవేత్త ఆడ్రీ టెరాస్ చేతికి చేరింది. గణితవేత్తలు హెరాల్డ్ స్టార్క్, డెన్నిస్ హేహల్ దాన్ని చూసి నిర్ఘాంతపోయారు. అందులో 14.1347 ఉంది. ప్రధాన సంఖ్యల మర్మాన్ని దాచుకున్న రీమాన్ జీటా ఫంక్షన్ మొదటి శూన్యం అదే! మరికొన్ని అంకెలు, జీటాకు తోబుట్టువు వంటి మరో ఫంక్షన్ శూన్యాలు. ఆ శూన్యాలు నిజంగా ఈ తలం స్వరాలే అయితే, వాటి గురించి 1859 నుంచి తెగని రీమాన్ పరికల్పన తెగినట్టే.

హేహల్ తొందరపడలేదు. లెక్కంతా మళ్లీ మొదటినుంచి, మరింత జాగ్రత్తగా చేశారు. 13.7797 వంటి అసలు స్వరాలు నిలిచాయి, జీటా శూన్యాలు మాయమయ్యాయి. హాస్ పద్ధతిలో చిన్న లోపం ఉంది. తలం మూలనున్న ఒక బిందువు దగ్గర తరంగం అనంతంగా ఎగసిపోయినా ఆ పద్ధతి పసిగట్టలేదు.

కథ అక్కడితో ముగిసిపోవచ్చు. కానీ తప్పులోకి జీటాయే ఎందుకు వచ్చిందని హేహల్ తవ్వారు. ఆ బిందువు నుంచి బయల్దేరిన తరంగం మామూలుగా అనంతానికి కారిపోతుంది. ఎంత కారిపోతుందో నిర్ణయించేది, అనంతం నుంచి వచ్చే తరంగానికి అదే బిందువు దగ్గర ఉండే ఎత్తు. ఆ ఎత్తులో జీటా, దాని తోబుట్టువు గుణకాలుగా ఉన్నాయి. వాటిలో ఏది సున్నా అయినా తరంగం కారిపోదు, నిలిచిన స్వరంలాగే కనిపిస్తుంది. హాస్ పట్టుకున్నవి ఇవే.

ఫ్రాన్స్‌లో గణితవేత్త ఈవ్ కోలిన్ ద వెర్దియేర్ ఇంకో అడుగు వేశారు. ఇలాంటి దొంగ స్వరాలే అసలు స్వరాలయ్యేలా ఆపరేటర్‌నే మార్చి, 1980ల తొలినాళ్లలో సూడో లాప్లాసియన్లను నిర్మించారు. సెల్బర్గ్ ఎంతో శ్రమించి సాధించిన ఒక ప్రధాన ఫలితానికి ఆ ఊహతోనే చిన్న రుజువు దొరికింది. రీమాన్ పరికల్పన మాత్రం చిక్కలేదు. అయినా, తప్పని తేలిన జాబితాను చెత్తబుట్టలో వేయకుండా అది ఎందుకు తప్పిందో చివరిదాకా అడిగినందుకే, అనంతం నుంచి వచ్చే తరంగాలకూ ప్రధాన సంఖ్యలకూ మధ్య ఉన్న బంధం అంత స్పష్టంగా మన కళ్లబడింది.