అత్త సొమ్ము, అల్లుడి కళ్ళజోడు

మా చాండ్లర్ నుంచి ఓ అరగంట కారులో పోతే, పక్కనున్న మేసా ఊళ్ళో అపాచీ హెలికాప్టర్లు తయారుచేసే బోయింగ్ ఫ్యాక్టరీ ఉంది. వాటి మొండాలు 2018 నుంచి మన హైదరాబాదు దగ్గర ఆదిభట్లలో కూడా తయారై ఇక్కడికొస్తున్నాయి. అయితే నేను చెప్పాలనుకుంటున్నది హెలికాప్టర్ గురించి కాదు, పైలట్ కుడికంటి ముందుండే చిన్న గాజుముక్క గురించి.

1984లో మొదటి అపాచీ అమెరికా సైన్యానికి అందేనాటికే ఆ ఏర్పాటు ఉంది. హెల్మెట్‌కి తగిలించిన అంగుళం సైజు పిక్చర్ ట్యూబ్ బొమ్మ ఆ గాజు మీద పడుతుంది. చీకట్లో కెమెరా చూసినదంతా, వేగం, ఎత్తులతో సహా అందులో కనిపిస్తుంది. తల ఎటు తిప్పితే 30 మిల్లీమీటర్ల తుపాకీ అటు తిరుగుతుంది. చేసింది హనీవెల్. ఖర్చు పెట్టింది సైన్యం కాబట్టి బేరాల్లేవు.

మరి మనబోటి వాడికో? తలకి తగిలించుకునే తెర 1968లోనే ఉంది. హార్వర్డ్‌లో ఐవన్ సదర్లాండ్ చేసిన దాన్ని పైకప్పు నుంచి వేలాడదీయాల్సి వచ్చింది. దాన్ని పెట్టుకుని బజారుకెళ్ళలేం కదా! ఒంటిమీద కంప్యూటర్ తగిలించుకుని తిరగాలనుకునేవాళ్ళకి ఆశ పుట్టించింది 1989లో రిఫ్లెక్షన్ టెక్నాలజీ తెచ్చిన ప్రైవేట్ ఐ.

దాని కిటుకు నాకు భలే ఇష్టం. అందులో నిజానికి తెర లేదు. ఒకే వరుసలో 280 ఎర్ర ఎల్‌ఈడీలు, వాటి ముందు గబగబా ఊగే అద్దం, అంతే. దీపావళి నాడు కాకరపువ్వొత్తి గిరగిరా తిప్పితే గాల్లో గీతలు కనిపిస్తాయి చూడండి, అలా ఆ ఒక్క వరుసే 720 నిలువు వరుసలుగా పరుచుకుని కంటికి తెరలా అనిపించేది. రంగులేమీ లేవు, ఎరుపూ నలుపూ. కానీ అక్షరాలు స్పష్టంగా చదవొచ్చు. 1993లో ఎమ్‌ఐటీలో థాడ్ స్టార్నర్ దాన్నే కంటికి తగిలించుకుని, ఒంటిచేతి కీబోర్డుతో నోట్స్ రాసుకుంటూ తిరగడం మొదలుపెట్టాడు. అతనికది ఆటవస్తువు కాదు, రెండో జ్ఞాపకశక్తి.

సరే, అదే కిటుకు కోట్లమందికి అమ్మితే చవకవదా? నింటెండో ప్రయత్నించింది. 1995లో వర్చువల్ బాయ్, 179.95 డాలర్లు. బల్లమీద పెట్టి అందులోకి తొంగిచూడాలి, అంతా ఎరుపే. సుమారు 7.7 లక్షలు అమ్ముడై 1996లో ఆగిపోయింది. ఆ ఏడే సోనీ గ్లాస్ట్రాన్ వచ్చింది. మొదటిది టీవీ బొమ్మ కోసం చేసింది. కదిలే బొమ్మ కాస్త మసకగా ఉన్నా సినిమా చూసేయొచ్చు, అక్షరం మసకైతే చదవలేం. కాబట్టి చవకొక్కటే చాలదు, అది ఎవరి అవసరానికి చేసిందో కూడా చూడాలి.

తర్వాత చవక ఎక్కణ్ణుంచి వచ్చింది? ఫోన్లు, టాబ్లెట్ల నుంచి. వాటికోసం కోట్లలో చేసిన తెరలు ఉండబట్టే 2012లో ఓక్యులస్ రిఫ్ట్ డెవలపర్ కిట్ 300 డాలర్లకి ఇవ్వగలిగారు. కెమెరాల్లో కన్నుపెట్టి చూసే చోట వాడిన చిట్టి ఓఎల్‌ఈడీ తెరలే ఎదిగి కళ్ళజోళ్ళలోకి వచ్చాయి. 2022లో ఎన్‌రియల్ ఎయిర్ అమెరికాలో 379 డాలర్లు. అంటే మనకందిన చవక తెరలన్నీ అత్త సొమ్మే, మనం దానం పుచ్చుకున్న అల్లుళ్ళం.

ఇంకో సంగతి. స్టార్నర్ తర్వాత గూగుల్ గ్లాస్‌కి పనిచేశాడు. 2013లో దాని ధర 1500 డాలర్లు. 2015లో మామూలు జనానికి అమ్మడం ఆపేశారు, 2019 చివర్లో ఆఖరి అప్‌డేట్ ఇచ్చారు, ఫోన్‌తో జతచేసే యాప్ 2020లో పోయింది. అతని 1993 కంప్యూటర్ మాత్రం మామూలు పీసీ భాగాలతో చేసింది. పాడైతే విప్పి బాగుచేసుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అందుకే ఎవరైనా ఏది కొనమంటారని అడిగితే నేను మూడే చూడమంటాను. చిన్న అక్షరం చదవగలమా? గంటసేపు ముక్కుమీద మోయగలమా? మామూలు కేబుల్ గుచ్చితే, ఏ కంపెనీ ఖాతా లేకుండా, వెలుగుతుందా? ధర ఆ తర్వాత. ఆగితే ధర ఎలాగూ తగ్గుతుంది. మూడోది మాత్రం కొనేముందే చూసుకోవాలి, ఎందుకంటే అత్త ఎప్పుడైనా మనసు మార్చుకోవచ్చు.