ఏడాది నుంచి ఏడు రోజులకు

లండన్‌లోని సెయింట్ జేమ్స్ వీధిలో, మూడో నంబరు దుకాణంలో, కాఫీ తూచడానికి పెట్టిన పెద్ద త్రాసు ఒకటి ఉంది. 1765 నుంచి దాని మీద మనుషుల్ని కూడా తూచడం మొదలుపెట్టారు. ఇంట్లో బరువు చూసుకునే సాధనం ఇంకా ఎవరికీ లేని కాలం. దొరలూ కవులూ దారిన పోతూ ఆగి, త్రాసెక్కి, ఆ అంకెను దుకాణం పద్దుపుస్తకంలో రాయించుకునేవారు. కవి బైరన్ 1806లో అక్కడ 88 కిలోలు తూగాడు. 1811కి 57 కిలోల లోపుకి దిగాడు. ఆయన ఎంచుకున్న దారి బిస్కట్లు, సోడా, వెనిగర్‌లో తడిపిన బంగాళాదుంపలు. అది చాలదన్నట్టు ఏడు వెయిస్ట్‌కోట్లూ పైన ఓవర్‌కోటూ తొడుక్కుని క్రికెట్ ఆడి చెమట కార్చేవాడు. ఒంటికి మంచిది కాకపోయినా, ఇంత తగ్గడానికి ఆయన ఐదేళ్లు తీసుకున్నాడు. గడువు పెట్టి సన్నబడటమనే ఆలోచన అప్పటికి పుట్టలేదు.

దాన్ని పుట్టించినవాడు విలియం బాంటింగ్ అనుకుంటే అది అన్యాయం. బాంటింగ్ లండన్‌లో అంత్యక్రియల ఏర్పాట్లు చూసే వ్యాపారి. రాజకుటుంబంలో ఎవరు పోయినా ఆ ఇంటివాళ్లకే కబురు వెళ్లేది. 1862 ఆగస్టులో, 65 ఏళ్ల వయసులో, ఐదడుగుల ఐదంగుళాల మనిషి 202 పౌండ్లు, అంటే దాదాపు 92 కిలోలు ఉన్నాడు. వంగి బూటు లేసు కట్టుకోలేకపోయేవాడు. మోకాళ్ల మీద భారం పడకుండా మెట్లు వెనక్కి నడుస్తూ దిగేవాడు. అప్పటికే డాక్టర్ల సలహా మీద థేమ్స్ నదిలో పడవ తెడ్డు వేసి చూశాడు. దానివల్ల ఆకలి పెరిగింది, దాంతో పాటే ఒళ్లూ పెరిగింది. ఆవిరి స్నానాలూ చేసి చూశాడు.

చివరికి చెవులు సరిగా వినిపించడం లేదని విలియం హార్వీ అనే చెవి డాక్టరు దగ్గరికి వెళ్లాడు. హార్వీ అంతకుముందు పారిస్ వెళ్లి, కాలేయం చక్కెరను ఎలా తయారుచేస్తుందో క్లాడ్ బెర్నార్డ్ ఉపన్యాసాల్లో విని వచ్చినవాడు. చెవిలో లోపమేమీ లేదు, కొవ్వే నొక్కుతోందని తేల్చి రొట్టె, వెన్న, పాలు, చక్కెర, బీరు, బంగాళాదుంప మానేయమన్నాడు. మిగిలినవి మాంసం, చేప, కూరలు. పథ్యం అంటే నోరు కట్టుకోవడమేనని నమ్మే మనలాంటివాళ్లకు ఆశ్చర్యమనిపించే విషయం, రెడ్ వైన్‌కు అడ్డు చెప్పకపోవడం. 1863 సెప్టెంబరుకు బాంటింగ్ 46 పౌండ్లు తగ్గాడు. సగటున వారానికి పౌండు కూడా లేదు. సంబరం పట్టలేక తన కథను చిన్న పుస్తకంగా అచ్చువేసి ఊరికే పంచిపెట్టాడు. గిరాకీ చూసి తర్వాత అమ్మకానికి పెట్టాడు. అందులో ఎక్కడా ‘ఇన్ని రోజుల్లో ఇంత’ అన్న హామీ లేదు. తొందరపడిన మనిషి కాడాయన.

తొందర పెట్టింది తూకం యంత్రం. 1880ల నుంచి నాణెం వేస్తే బరువు చెప్పే మిషన్లు పశ్చిమ దేశాల స్టేషన్లకూ మందుల దుకాణాలకూ వచ్చాయి. మన రైల్వే ప్లాట్‌ఫారాల మీద రంగు దీపాలు మిణుకుమంటూ, ఒకవైపు బరువూ మరోవైపు జాతకమూ అచ్చయిన అట్టముక్క టికెట్టు ఇచ్చిన మిషన్లూ ఆ కుటుంబంలోవే. అంకె రోజూ కనిపించడం మొదలయ్యాక, రోజూ తగ్గాలన్న ఆత్రమూ మొదలైంది. 1918లో లాస్ ఏంజెలెస్ డాక్టరు లూలూ హంట్ పీటర్స్ కేలరీలు లెక్కపెట్టుకుని తినమని పుస్తకం రాస్తే లక్షల మంది కొన్నారు. అంతవరకు ప్రయోగశాలకే పరిమితమైన కేలరీ వంటింట్లోకి వచ్చింది.

ఇంకో పదేళ్లు తిరిగేసరికి సినిమా తారల పేరు చెప్పి ‘హాలీవుడ్ పద్దెనిమిది రోజుల డైట్’ వచ్చింది. పంపరపనసకు చుట్టమైన గ్రేప్‌ఫ్రూట్, ఉడికించిన గుడ్లు, ఆకుకూరలు, పల్చని రొట్టెముక్క. అంతా కలిపి రోజుకు 600 కేలరీల లోపే. ఏడాది పట్టిన పని పద్దెనిమిది రోజులకు కుదించుకుపోయింది.

600 కేలరీలంటే ఏమిటో తెలియాలంటే మిన్నెసోటా విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ స్టేడియం కిందికి వెళ్లాలి. రెండో ప్రపంచయుద్ధం చివర్లో, యూరప్‌లో ఆకలితో చిక్కిపోయినవాళ్లను మళ్లీ ఎలా మనుషుల్ని చేయాలో తెలుసుకోవడానికి ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త అక్కడ ఒక ప్రయోగం చేశాడు. తుపాకీ పట్టబోమని సైన్యాన్ని కాదన్న 36 మంది యువకులు స్వచ్ఛందంగా వచ్చారు. 1945లో 24 వారాల పాటు వాళ్లకు రోజుకు సుమారు 1,570 కేలరీల తిండి పెట్టారు. ఆకలి చావుల పరిస్థితికి నమూనాగా శాస్త్రవేత్తలు ఎంచుకున్న ఆ కొలత, తారల డైట్‌కు రెండున్నర రెట్లు!

వాళ్లు తమ బరువులో దాదాపు నాలుగో వంతు పోగొట్టుకున్నారు. పళ్లాలు నాకేవారు. వంటల పుస్తకాలు పోగేసుకుని నవలల్లా చదివేవారు. చలితో వణికేవారు, చిన్న మాటకే కసిరేవారు. ఒకతను గొడ్డలితో తన వేళ్లు మూడు నరుక్కున్నాడు. ప్రయోగం అయ్యాక ఎంత తిన్నా ఆకలి తీరేది కాదు. పోయిన కండ కన్నా కొవ్వే ముందు తిరిగొచ్చింది. 1950లో ఆ వివరాలన్నీ రెండు సంపుటాలుగా అచ్చయ్యాయి. డైట్ పుస్తకాలు రాసేవాళ్లు వాటిని తెరిచి చూసిన జాడ మాత్రం లేదు.

1976లో రాబర్ట్ లిన్ అనే డాక్టరు తిండి పూర్తిగా మాన్పించి, పశువుల తోళ్ల నుంచీ స్నాయువుల నుంచీ తీసిన ప్రోటీన్ ద్రవం తాగమన్నాడు. రోజుకు 400 కేలరీలు కూడా రావు. ఏడాది తిరిగేసరికి ద్రవ ప్రోటీన్ డైట్లలో ఉన్నవాళ్లు సుమారు 60 మంది చనిపోయినట్టు అమెరికా అధికారుల దృష్టికి వచ్చింది. గుండె లయ తప్పడం చాలామందిలో కనిపించిన కారణం. సీసాల మీద హెచ్చరిక అచ్చువేయక తప్పలేదు. అయినా ఆ జోరు ఆగలేదు. 14 రోజుల స్కార్స్‌డేల్ డైట్ ఆ వెనకే వచ్చి లక్షల ప్రతులు అమ్ముడైంది. 1988 నవంబరులో అమెరికా టీవీ వ్యాఖ్యాత ఓప్రా విన్‌ఫ్రే నాలుగు నెలల ద్రవాహారంతో తగ్గిన 67 పౌండ్లకు సమానమైన కొవ్వును బండిలో పెట్టి టీవీ వేదిక మీదికి లాక్కొచ్చింది. ఆ బరువు మళ్లీ వచ్చి చేరింది. ఆ ప్రదర్శన చేసినందుకు బాధపడుతున్నానని ఆమే తర్వాత చెప్పింది.

తెలుగు ఇళ్లకు వారం డైట్ ‘జీఎం డైట్’ పేరుతో వచ్చింది. జనరల్ మోటార్స్ కంపెనీ తన ఉద్యోగుల కోసం చేయించిందని ఆ కాగితం చెప్పుకుంటుంది. దానికి ఆధారం మాత్రం ఎక్కడా లేదు. మొదటి రోజు అరటి తప్ప మిగతా పళ్లు, రెండో రోజు కూరగాయలు, మూడో రోజు రెండూ, నాలుగో రోజు అరటిపళ్లూ పాలూ. ఐదో రోజు అమెరికా కాగితంలో గొడ్డుమాంసం, టమాటాలు. మనవాళ్లు మాంసాన్ని తీసేసి పనీరో, కప్పు అన్నమో పెట్టుకున్నారు. నడుమ ఎంతైనా తాగొచ్చన్న క్యాబేజీ సూప్ మిరియాలు దట్టించేసరికి చారుకు చుట్టమైపోయింది. ఈమెయిళ్లలో తిరిగిన ఆ కాగితం తర్వాత వాట్సాప్‌లోకి ఎక్కింది. పెళ్లికూతుళ్లకు అదో ముందస్తు ముహూర్తం.

ఏడు రోజుల్లో 5 నుంచి 8 కిలోలు తగ్గుతారని అది ఊరిస్తుంది. లెక్క వేస్తే సరి. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీలు ఖర్చు కావాలి. రోజుకు 2,200 కేలరీలు ఖర్చుచేసే మనిషి వారమంతా పచ్చి మంచినీళ్ల మీద ఉన్నా రెండు కిలోలకు మించి కొవ్వు కరగదు. మిగతాదాంట్లో ఎక్కువ భాగం నీరే. కాలేయంలో, కండల్లో అరకిలో దాకా నిల్వ ఉండే గ్లైకోజెన్ ప్రతి గ్రాముకూ సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. అన్నం, రొట్టె మానగానే ముందు అది ఖర్చవుతుంది, నీరు బయటికి పోతుంది. మిషన్‌కు నీటికీ కొవ్వుకూ తేడా తెలియదు. మళ్లీ అన్నం తినడం మొదలుపెడితే ఆ నీరు వెనక్కి వచ్చేస్తుంది. ఎనిమిదో రోజు గురించి కాగితం ఏమీ చెప్పదు.

2017 తర్వాత డైట్ ప్రచారకుడు వీరమాచనేని రామకృష్ణ సభలకు జనం పోటెత్తినప్పుడు బాంటింగ్ నాటి సూత్రమే కొబ్బరినూనె వేషంలో వచ్చింది. అన్నం బంద్. రోజుకు 70 గ్రాములకు తగ్గకుండా కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, రెండు మల్టీవిటమిన్ మాత్రలు. అప్పటిదాకా తలకు రాసుకోవడానికే తెచ్చుకున్న నూనెను మనవాళ్లు గ్లాసులో పోసుకుని తాగారు. డాక్టర్లు అభ్యంతరం చెప్పారు. ముఖ్యంగా షుగరు మందులు వాడేవాళ్లు పిండిపదార్థం ఒక్కసారిగా మానేస్తే షుగరు ప్రమాదకరంగా పడిపోయే అవకాశం ఉంది.

2025లో బరువు తగ్గించే మౌంజారో, వెగోవీ ఇంజెక్షన్లు మన దేశంలో అమ్మకానికి వచ్చాయి. వారానికొకటి వేసుకుంటారు. వెగోవీలో ఉన్న సెమాగ్లుటైడ్‌ను పెద్ద ఎత్తున పరీక్షించినప్పుడు 68 వారాల్లో సగటున 15 శాతం బరువు తగ్గింది. పూర్తి మోతాదుకు చేరడానికే 16 వారాలు పట్టింది. మందు ఆపాక, ఆ పరీక్షలో పాల్గొన్నవాళ్లలో కొందరిని ఏడాది పాటు గమనిస్తే, తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చాయి.