బెంగళూరు లేతులూ కారు థ్రాటిల్ బాడీలూ

కారు ఇంజినులోకి వెళ్లే గాలిని అదుపు చేసే భాగం థ్రాటిల్ బాడీ. పోత పోసిన అల్యూమినియం గొట్టం, దానికి అడ్డంగా ఒక ఇరుసు, ఇరుసుకు బిగించిన పలుచటి లోహపు బిళ్ల: ఇంతే దాని నిర్మాణం. ఆక్సిలరేటర్ తొక్కితే బిళ్ల తిరిగి గాలికి దారి ఇస్తుంది. ఆ గొట్టాన్ని లేతు మీద తొలిచి వెడల్పు చేయడం చూడటానికి చిన్న పని, చేతికి పెద్ద పరీక్ష. ఆ పరీక్షకు నిలిచే చేతులు బెంగళూరులో తయారైనది కార్ల ఫ్యాక్టరీలో కాదు. 1990ల చివర్లో బిడది దగ్గర టొయోటా వచ్చేదాకా ఆ ప్రాంతంలో పెద్ద కార్ల ఫ్యాక్టరీయే లేదు.

రావాలన్న ప్రయత్నం మాత్రం గట్టిగా జరిగింది. తెలుగు నేలపై మోక్షగుండం గ్రామంలో మూలాలున్న ఇంజినీరు విశ్వేశ్వరయ్య 1930లలో యూరప్, అమెరికా తిరిగి కార్ల కర్మాగారాలు చూసి, దేశంలో ఒకటి పెట్టాలని పథకం రాశారు. పెట్టుబడికి పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్ ముందుకొచ్చారు. బెంగళూరులో పెట్టే ప్రయత్నానికి బ్రిటిష్ ప్రభుత్వం సహకరించలేదు. వాల్‌చంద్ 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్‌ను బొంబాయిలో పెట్టారు. బెంగళూరుకు మాత్రం ఆయన చొరవతోనే 1940 డిసెంబరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వచ్చింది. కారు చేజారిన నగరానికి విమానం దక్కింది. లేతు పని దృష్టితో చూస్తే ఇది నష్టం కాదు. విమాన భాగాల్లో పొరపాటుకు చోటుండదు కనుక, కొలత పట్ల భయభక్తులు అక్కడి కార్మికులకు మొదటి పాఠమయ్యాయి.

తరువాతి రెండు దశాబ్దాలు ఆ పునాదిని పెంచాయి. స్పార్క్ ప్లగ్గులు, డీజిల్ ఇంజెక్షన్ పంపులతో పేరు తెచ్చుకున్న మైకో 1951లో మొదలై ఆడుగోడిలో స్థిరపడింది. స్విట్జర్లాండ్‌కు చెందిన ఓర్లికాన్ సహకారంతో 1953లో ఏర్పడిన హిందుస్థాన్ మెషీన్ టూల్స్ జాలహళ్లిలో లేతులనే తయారు చేసింది. తెలుగు నేలపై ఇలాంటి బడి సికింద్రాబాద్ కవాడిగూడలో 1943లో మొదలైన ప్రాగా టూల్స్. 1962లో యంత్ర పరికరాల పరిశోధనకు కేంద్ర సంస్థ కూడా బెంగళూరుకే వచ్చింది. ఈ ఫ్యాక్టరీల్లో అప్రెంటిస్‌గా చేరినవారు ముందు ఆకురాయి పట్టి చదును చేయడం, ఆ తరువాతే లేతు నేర్చుకున్నారు. వారిలో కొందరు రాజాజీనగర్‌లోనూ, 1970లలో పారిశ్రామికవాడగా రూపు దిద్దుకున్న పీణ్యాలోనూ సొంత షెడ్లు వేసుకున్నారు. హిందూపురం, అనంతపురం, చిత్తూరు వైపు నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన కుర్రవాళ్లకు ఆ షెడ్లే రెండో బడి.

కారు పని ఈ షెడ్లకు రీబోరు రూపంలో వచ్చింది. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని సిలిండర్లు అరిగితే తొలిచి, పెద్ద సైజు పిస్టన్ వేసి మళ్లీ నడిపించేవారు. కొత్త బండి కొనడం అందరివల్లా అయ్యే పని కాదు. చెన్నై దగ్గరి షోలవరం రేసులకు, కర్ణాటక 1000 వంటి ర్యాలీలకు బండ్లు సిద్ధం చేసేవారికి అదే నైపుణ్యం ఇంకో విధంగా ఉపయోగపడింది. 1990ల చివరి నుంచి ఉద్గార నిబంధనలు బిగుసుకుని, మారుతి ఎస్టీమ్, జెన్ వంటి కార్లలో కార్బురేటర్ పోయి ఎంపీఎఫ్ఐ అనే పెట్రోలు ఇంజెక్షన్ పద్ధతి వచ్చింది. పెట్రోలు కొలత కంప్యూటర్ చేతికి వెళ్లింది. గాలి దారి మాత్రం పాతలాగే లోహపు గొట్టం, టర్నరు చేతికి అందేది.

పని సారం ఇది. 50 మిల్లీమీటర్ల గొట్టాన్ని 54 చేస్తే గోడలో చుట్టూ 2 మిల్లీమీటర్లు పోతుంది, గాలి దారి వైశాల్యం సుమారు 17 శాతం పెరుగుతుంది. పోత గోడ అంత కోత తట్టుకుంటుందా అన్నది ముందే కొలిచి చూడాలి. బాడీని నాలుగు దవడల చక్‌లోనో ఫేస్‌ప్లేట్ మీదో పట్టి, డయల్ గేజితో కేంద్రం సరిచూసి, బోరింగ్ బార్‌తో సన్నటి కోతలు తీస్తారు. ఇరుసు రంధ్రాల దగ్గర కోత తెగి తెగి పడుతుంది కాబట్టి పనిముట్టు అదిరే ప్రమాదం అక్కడే ఎక్కువ.

అసలు కష్టం బిళ్లది. మూసినప్పుడు అది నిటారుగా కాక కొద్ది డిగ్రీలు వాలి ఆగుతుంది. అందువల్ల గుండ్రటి బిళ్ల సరిపోదు, కోలగా ఉండాలి. వాలు 8 డిగ్రీలైతే 54 మిల్లీమీటర్ల గొట్టానికి బిళ్ల పొడవు సుమారు 54.5 కావాలి, అంచు కూడా ఆ వాలుకే కోయాలి. పాత టర్నర్ల ఉపాయం చక్కనిది: కడ్డీ కొసను అదే కోణంలో ఏటవాలుగా కోసి, దాని మీద రేకును బిగించి, మొత్తాన్ని గొట్టం వ్యాసానికి తిప్పుతారు. కోల ఆకారమూ అంచు వాలూ ఒకేసారి వస్తాయి. ఇంటి షెడ్డులోని చిన్న లేతు మీద కూడా ఇది సాధ్యమే. బిళ్ల మరలను చివర లాక్ చేయడం మరవకూడదు. ఒక్క మర ఊడినా ఇంజిను దాన్ని మింగుతుంది. బిళ్ల అంచున సందు మిగిలితే ఐడిలింగ్ నిలకడ తప్పుతుంది.

ఫలితం గురించి ప్రచారం ఎక్కువ. పెడల్ కొంచెం తొక్కగానే మునుపటికంటే ఎక్కువ గాలి వెళ్లడం వల్ల బండి చురుకైనట్టు తోస్తుంది. అది శక్తి పెరగడం కాదు. మ్యానిఫోల్డ్, వాల్వులు, క్యామ్ అంత గాలిని తీసుకోగలిగినప్పుడే, అదీ అధిక వేగాల్లోనే, నిజమైన లాభం.

రోడ్డు మీద తిరిగే కారుకు చట్టం అడ్డు కూడా ఉంది. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని మరోసారి గట్టిగా చెప్పింది. కాబట్టి తొలిచిన థ్రాటిల్ బాడీకి తగిన చోటు రేసు ట్రాకే.