రమాదీ పెద్దమనుషులు

పాతికేళ్ళపాటు డిగ్రీ క్లాసుల్లో చరిత్ర చెప్పాను. అందులో వాయవ్య సరిహద్దు గురించి చిన్న పాఠం ఒకటి వుండేది. 1870ల్లో బెలూచిస్తాన్‌లో రాబర్ట్ శాండెమన్ అనే బ్రిటిష్ అధికారి నడిపిన పద్ధతి. తెగల మీద దండెత్తి ఊళ్ళు తగలబెట్టి వెనక్కొచ్చే బదులు, తెగ సర్దార్లకు భత్యాలిచ్చి, వాళ్ళ మనుషుల్నే జీతానికి పెట్టుకుని దారులు కాపలా కాయించడం, తగాదాలు వాళ్ళ జిర్గాలకే వదిలెయ్యడం. పరీక్షలో పది మార్కుల ప్రశ్న. ‘తక్కువ ఖర్చుతో శాంతి నెలకొల్పిన విధానం’ అని ముగించిన పిల్లలకి మార్కులు ధారాళంగా వేసేదాన్ని.

ఒక ఏడాది వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి ‘‘మేడమ్, జిర్గాలో ఆడవాళ్ళు కూచునేవాళ్ళా?’’ అని అడిగింది. ‘‘లేదమ్మా’’ అని చెప్పి పాఠంలో ముందుకెళ్ళిపోయాను. అది పాఠానికి సంబంధం లేని ప్రశ్న అనుకున్నాను.

2007లో ఇరాక్ వార్తలు చూస్తుంటే ఆ పాఠమే మళ్ళీ వింటున్నట్టు అనిపించింది. 2003లో అమెరికా ఇరాక్‌ని ఆక్రమించింది. మూడేళ్ళు తిరిగేసరికి పశ్చిమాన అన్బార్ రాష్ట్రం, దాని రాజధాని రమాదీ చాలావరకు అల్‌ఖైదా గుప్పిట్లోకి పోయాయి. అల్‌ఖైదా తమ తెగల పెద్దల్ని చంపుతూ, తమ రాబడి దారుల్ని లాక్కుంటూ వుంటే 2006 సెప్టెంబరులో అబ్దుల్ సత్తార్ అబూ రిషా నాయకత్వంలో కొందరు షేకులు అమెరికన్ సైన్యంతో చేతులు కలిపారు. తమ కుర్రాళ్ళని పోలీసుల్లో చేర్పించారు. దీనికి ‘మేల్కొలుపు’ అని పేరు పెట్టుకున్నారు. ఇదే ఏర్పాటు మిగతా ప్రాంతాలకూ పాకి, ‘ఇరాక్ పుత్రులు’ పేరుతో 2008 నాటికి దాదాపు లక్షమంది కాపలాదార్లు తయారయ్యారు. నెలకు సుమారు 300 డాలర్ల జీతం.

హింస తగ్గింది. ఆ మాట దాటెయ్యకూడదు. రమాదీలో ఏడాది తిరిగేలోపే దాడులు బాగా తగ్గాయి. యుద్ధంలో బతికే ఆడవాళ్ళకి బజారుకెళ్ళి రావడం, పిల్లల్ని బడికి పంపగలగడం చిన్న విషయాలు కావు. ఏ శాంతి అయినా పితృస్వామ్యమే అని కొట్టిపారెయ్యడం దూరాన వున్నవాళ్ళకి సుళువు. నా సందేహం వేరే. ఈ శాంతి కోసం ఎవరు ఎవరితో బేరమాడుకున్నారు? బేరంలో ఏ వస్తువు చేతులు మారింది?

అది తెలుసుకోవడానికి తొంభయ్యేళ్ళు వెనక్కి వెళ్ళాను. 1914 నవంబరులో బ్రిటన్ బస్రాని పట్టుకుంది. పట్టుకున్నది చాలావరకు మన దేశపు సైనికులతో. ఆ దేశంలో 1932 దాకా చెలామణి అయింది మన రూపాయే. సైనికులతో, రూపాయలతో పాటు మన సరిహద్దు పాఠం కూడా ఓడెక్కింది. బెలూచిస్తాన్‌లో పనిచేసి వచ్చిన హెన్రీ డాబ్స్ బస్రాలో రెవెన్యూ కమిషనర్‌గా కుదురుకుని, 1916లో తెగల సివిల్, క్రిమినల్ తగాదాలకి ప్రత్యేక నిబంధనలు తయారుచేశాడు. నమూనా మన సరిహద్దు నేరాల చట్టం. పట్నాలకి కోర్టులు, తెగలకి షేకుల మజ్లిస్. తగాదా వస్తే రాజకీయ అధికారి దాన్ని మజ్లిస్‌కి పంపొచ్చు. తీర్పు తెగ ఆచారం ప్రకారం.

నేను పాఠం చెప్పిన ఆ సరిహద్దు నేరాల చట్టం అసలు ప్రతిని తెరిచి చదివింది మాత్రం రిటైరయ్యాకే. 1901 నాటి ఆ చట్టంలో 30వ సెక్షన్ దగ్గర ఆగిపోయాను. భర్త కాని మగవాడితో ఇష్టపూర్వకంగా సంబంధం పెట్టుకున్న వివాహితకి అయిదేళ్ళదాకా జైలు. అదే కాలంలో అదే ప్రభుత్వం మిగతా భారతదేశంలో అమలు చేస్తున్న శిక్షాస్మృతి 497వ సెక్షన్‌లో భార్యని శిక్షించకూడదని వుంది. 497 మనల్ని భర్త సొత్తుగానే చూసింది, అందులో సందేహం లేదు. కానీ సొత్తుని జైలుకి పంపలేదు. సరిహద్దులో ఆ మినహాయింపు కూడా తీసేశారు. ఎందుకంటే అక్కడ ప్రభుత్వానికి కావలసింది సర్దార్ల సహకారం. సర్దార్లకి కావలసింది తమ ఇంటి ఆడవాళ్ళ మీద మాట చెల్లడం. పాతికేళ్ళు నేను చెప్పిన ‘తక్కువ ఖర్చు’లో ఈ పద్దు లేదు.

ఇరాక్‌లోనూ అంతే. తండ్రో అన్నో పరువు పేరుతో పిల్లని చంపితే అది ‘తెగ వ్యవహారం’. రెండు కుటుంబాల మధ్య హత్య జరిగితే పగ చల్లార్చడానికి హతుడి వైపు వాళ్ళకి ఒక అమ్మాయిని పెళ్ళి పేరుతో అప్పజెప్పడం ‘ఫస్ల్’, అంటే పరిష్కారం. ఇది నచ్చని అధికారులూ వున్నారు. కానీ వాళ్ళ అయిష్టం ఏర్పాటుని కదిలించేంతది కాదు. నోగా ఎఫ్రతీ అనే చరిత్రకారిణి ఇరాక్ స్త్రీల మీద 2012లో తెచ్చిన పుస్తకంలో ఈ సంగతులన్నీ వివరంగా చర్చించింది. ఆచారం అనాదిగా అలాగే వుందనుకోవడమూ పొరపాటే. ఒట్టోమన్ పాలన చివరికి చాలాచోట్ల షేకుల పట్టు సడలింది. బ్రిటిష్ వాళ్ళు తమకి అనుకూలమైన ఒక్కొక్క షేకుని ఎంచుకుని, అతని మాటే తెగ మాట అన్నారు. భూములూ పన్ను రాయితీలూ ఇచ్చారు. తెగలో ఆడవాళ్ళు ఆచారం గురించి ఏమనుకునేవారో ఎవరూ అడగలేదు, కాబట్టి ఎక్కడా రాసిలేదు.

1921 జూలైలో కాబోయే రాజు ఫైసల్‌కి ఇదే రమాదీలో షేకులు విధేయత ప్రకటించారు. అందులో దులైమ్ తెగ పెద్ద అలీ సులేమాన్ ఒకడు. ఆ సభలో వున్న గెర్‌ట్రూడ్ బెల్ తన ఉత్తరంలో దాన్ని వర్ణించింది. అంతమంది మగవాళ్ళ మధ్య రాజ్యాన్ని నిర్మిస్తున్న ఈ స్త్రీ, ఇంగ్లండులో స్త్రీల ఓటు హక్కుకి వ్యతిరేకంగా 1908లో పుట్టిన సంఘంలో పనిచేసినామె. సభలో ఒక స్త్రీ వున్నంత మాత్రాన స్త్రీల మాట అక్కడ వున్నట్టు కాదు.

ఇక్కడ మా పిన్ని గుర్తొస్తుంది. నా చిన్నప్పుడు బాబాయి ఇంకో ఆవిణ్ణి తెచ్చుకున్నాడు. పిన్ని ధైర్యం చేసి పోలీసు స్టేషన్‌కి వెళ్ళింది. ‘‘కేసులెందుకమ్మా, మీ పెద్దమనుషుల్లో తేల్చుకోండి’’ అని పంపేశారు. రచ్చబండ దగ్గర పంచాయితీ జరుగుతుంటే పిన్ని పశువుల కొట్టం చాటున నిలబడి వింది. తాతయ్య స్టాంపు కాగితం మీద సంతకం పెట్టాడు. పిన్ని పుట్టింట్లో వుండాలి, ఏడాదికిన్ని బస్తాల ధాన్యం. ఊళ్ళో గొడవ లేకుండా సర్దుబాటైందని అందరూ సంతోషించారు. అక్కడ సైన్యం లేదు, ఆక్రమణ లేదు. రెండూ ఒకటేనని నేననను. కానీ ప్రభుత్వం ‘మీలో మీరు చూసుకోండి’ అన్నప్పుడు ఆ ‘మీరు’లో పిన్ని లేదని నాకు పదేళ్ళ వయసులోనే తెలుసు. తెలిసీ శాండెమన్ పాఠం అలా చెప్పాను.

ఇరాక్‌లో ఆ నిబంధనలు 1925 రాజ్యాంగం నీడలో 1958 విప్లవం దాకా బతికాయి. ఆ కాలంలోనే కవయిత్రి నాజిక్ అల్ మలాయికా పరువు హత్య మీద ‘అవమానాన్ని కడిగెయ్యడం’ అనే అర్థం వచ్చే పేరుతో కవిత రాసింది. విప్లవం తర్వాత ఆ నిబంధనలు రద్దయ్యాయి. 1959లో దేశమంతటికీ ఒకే కుటుంబ చట్టం వచ్చింది. బహుభార్యత్వానికి కళ్ళెం, పెళ్ళికి కనీస వయసు, వారసత్వంలో సమాన వాటా. వాటా నాలుగేళ్ళకే పోయింది, చట్టం మిగిలింది. దాని రూపకల్పనలో ముఖ్యపాత్ర డాక్టర్ నజీహా అల్ దులైమీది. కమ్యూనిస్టు, మహిళా సంఘ నాయకురాలు, అరబ్బు దేశాల్లో మొదటి మహిళా మంత్రి. ఇంటిపేరు చూడండి, దులైమీ. అలీ సులేమాన్ తెగ పేరు, అబూ రిషా తెగ పేరు.

2007 జూన్‌లో నాజిక్ కైరోలో చనిపోయింది. సెప్టెంబరు 3న అబూ రిషా అన్బార్‌లో అధ్యక్షుడు బుష్‌తో కరచాలనం చేశాడు. పదిరోజులకే బాంబు దాడిలో చనిపోయాడు. అక్టోబరులో నజీహా జర్మనీలో, ప్రవాసంలో కన్నుమూసింది. ఆ ఏడాది దులైమ్ పేరు ప్రపంచమంతా మోగింది. కానీ నజీహా పేరుగా కాదు.

ఆక్రమణదారులకి నజీహా లాంటివాళ్ళు తెలియక కాదు. 2003 డిసెంబరులో పాలక మండలి కుటుంబ చట్టాన్ని పక్కనపెట్టే 137వ తీర్మానం చేస్తే ఆడవాళ్ళు వీధుల్లోకొచ్చి రెండు నెలల్లో దాన్ని వెనక్కి తీయించారు. కానీ మహిళా సంఘాల దగ్గర తుపాకులు లేవు. ‘శాంతిభద్రతల్లో భాగస్వాములు’ అనిపించుకునే అర్హత వాళ్ళకి రాలేదు. ఆత్మాహుతి దాడుల్లో స్త్రీలు కనిపించాక మాత్రం చెక్‌పోస్టుల దగ్గర ఆడవాళ్ళని తనిఖీ చెయ్యడానికి కొన్ని వందలమందిని ‘ఇరాక్ పుత్రికలు’గా తీసుకున్నారు. తెగ సభలో కూచోవడానికి కాదు.

తర్వాత ఏమైంది? కాపలాదార్లకి ఇస్తామన్న ఉద్యోగాలు చాలామందికి రాలేదు. 2015 మేలో రమాదీ ఐసిస్ చేతికి చిక్కింది. అంటే కొన్న శాంతి పదేళ్ళు కూడా నిలవలేదు. షేకుల తీర్పరితనం మాత్రం నిలిచింది. అదే ఏడాది బస్రా ప్రాంతంలో రెండు తెగల తగాదా పరిష్కారంలో పదులకొద్దీ స్త్రీలని అప్పజెప్పడానికి ఒప్పుకున్నారన్న వార్త దేశాన్ని కుదిపింది. మానవ హక్కులకి విరుద్ధమైన తెగ సంప్రదాయాల్ని నిషేధిస్తున్నామని 2005 రాజ్యాంగం 45వ అధికరణంలో రాసుకున్న దేశంలోనే. 2025 జనవరిలో నజీహా చట్టాన్ని కూడా సవరించారు. కుటుంబ వ్యవహారాలకి మతశాఖల నియమాల్ని ఎంచుకునే వీలు తెచ్చారు.

సైన్యాలు ఎప్పుడో ఒకప్పుడు వెళ్ళిపోతాయి. వెళ్ళేముందు ఎవరి చేతిలో తీర్పు పెట్టి వెళ్ళాయో అది మిగులుతుంది. సరిహద్దు నేరాల చట్టం పాకిస్తాన్ తెగల ప్రాంతాల్లో 2018 మేలో పోయింది. మన 497ని సుప్రీంకోర్టు అదే ఏడాది సెప్టెంబరులో కొట్టేసింది. రెండూ పోవడానికి నూరేళ్ళ పైన పట్టింది.

ఆ వెనక బెంచీ అమ్మాయి ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. బహుశా తనూ ఎక్కడో పాఠాలు చెబుతూ వుండొచ్చు. కనిపిస్తే చెప్పాలనుంది: నువ్వడిగిందే ఆ పాఠంలో అసలు ప్రశ్న అమ్మా. పది మార్కులూ దానికే వెయ్యాల్సింది.